పేరు మారిన మాత్ర

శ్రావణ మాసం వచ్చిందంటే మందుల షాపుల్లో ఒక బేరం గుసగుసగా నడుస్తుంది.

“అన్నా, శుక్రవారం వ్రతముంది. డేటు కూడా అప్పుడే వచ్చేలా ఉంది. మాత్రలుంటే ఇవ్వవా?”

“ఎన్ని రోజులు ఆపాలక్కా?”

ప్రిస్క్రిప్షన్ ఊసే లేదు. వేళ్ల మీద లెక్క వేసుకుని, స్ట్రిప్పులోంచి కావలసినన్ని మాత్రలు కత్తెరతో కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసి, “రోజుకు మూడు, తిన్నాక” అంటాడు షాపతను. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది. ఎవరు వాడకూడదో సన్నటి అక్షరాల్లో అచ్చేసిన కాగితం మడత విప్పకుండా డబ్బాలోనే ఉండిపోతుంది. వ్రతానికే కాదు, తిరుమల ప్రయాణానికీ, గృహప్రవేశానికీ, అక్క పెళ్లికీ ఇదే బేరం.

ఆ మాత్రల్లో ఎక్కువగా ఉండేది నార్‌ఎథిస్టిరోన్, ఒక్కోటి 5 మిల్లీగ్రాములు. 1951లో మెక్సికో నగరంలోని సింటెక్స్ ప్రయోగశాలలో కార్ల్ జెరాసీ బృందం తయారుచేసిన హార్మోను ఇది. గర్భనిరోధక మాత్రల చరిత్రలో తొలి తరం మందు. ఇంట్లో మాత్రం దీన్ని ఎవరూ ఆ లెక్కలో చూడరు. పెళ్లికాని పిల్లకు ‘పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్ర’ అంటే అంతెత్తున లేచే తల్లే, అదే కుటుంబానికి చెందిన మందును కూతురి చేతిలో మంచినీళ్ల గ్లాసుతో సహా పెడుతుంది.

ఇది ప్రొజెస్టిన్ జాతి మందు, ఇందులో ఈస్ట్రోజెన్ లేదు, కాబట్టి రక్తం గడ్డకట్టే భయం లేదనే మాట డాక్టర్ల నోట కూడా వినిపిస్తుంది. అది పూర్తిగా నిజం కాదు. మింగిన నార్‌ఎథిస్టిరోన్‌లో చాలా కొద్ది భాగం, నూటికి ఒక వంతు కూడా కాదు, ఒంట్లోకి వెళ్లాక ఇథినైల్ ఎస్ట్రడయోల్‌గా మారుతుంది. మామూలు గర్భనిరోధక మాత్రలో ఉండే ఈస్ట్రోజెన్ అదే. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల నార్‌ఎథిస్టిరోన్ వేసుకుంటే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వేసుకున్నట్టేనని నిపుణుల అంచనా. షాపతను చెప్పిన ‘రోజుకు మూడు’ అంటే 15 మిల్లీగ్రాములు. సరిగ్గా ఆ లెక్కలోకే వస్తుంది.

ఇంకో దారిలో వచ్చే మాత్ర పీసీఓడీది. నెలసరి తప్పుతోందనో, ముఖం నిండా మొటిమలనో, గడ్డం కింద వెంట్రుకలనో వెళ్లిన ఇరవై ఏళ్ల అమ్మాయికి సైప్రోటిరోన్‌తోనో డ్రోస్పిరినోన్‌తోనో కలిపిన ఈస్ట్రోజెన్ మాత్ర రాస్తారు. వైద్యంగా అందులో తప్పేమీ లేదు, చాలామందికి అది పనిచేస్తుంది. కానీ ఆ అమ్మాయికి తెలిసిన పేరు ‘హార్మోన్ల మందు’, లేదంటే ‘పీరియడ్స్ సరిచేసే మందు’. పీసీఓడీ ఉన్నవాళ్లలో చాలామందికి బరువు ఎక్కువ, కొందరికి బీపీ, షుగర్ అప్పటికే అంచుల్లో ఉంటాయి. అంటే గుండె, రక్తనాళాల సంగతి ముందుగా ఎవరిని అడగాలో వాళ్లనే అడగకుండా వదిలేస్తున్నాం. మాత్ర మంచిదా చెడ్డదా అన్న చర్చ కంటే నాకు ఇదే పెద్ద సమస్యగా కనిపిస్తుంది. పేరు మారినప్పుడల్లా దాంతోపాటు రావలసిన ప్రశ్నలు దారిలోనే రాలిపోతున్నాయి.

* * *

అసలు ఈ హార్మోను రక్తాన్ని ఏం చేస్తుంది?

అండాశయం తయారుచేసే సహజ ఈస్ట్రోజెన్‌ను నోటితో మింగితే లాభం తక్కువ. పేగుల నుంచి కాలేయానికి చేరగానే చాలావరకు విరిగిపోతుంది. 1938లో బెర్లిన్‌లోని షెరింగ్ కంపెనీలో ఇన్‌హాఫెన్, హోల్‌వెగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ అణువుకు ఒక చిన్న తోక తగిలించారు. దాంతో కాలేయం దాన్ని అంత తేలిగ్గా విరగ్గొట్టలేకపోయింది. మాత్రగా వాడుకోగల ఈస్ట్రోజెన్ అలా పుట్టింది. తంటా కూడా అక్కడే పుట్టింది. విరగని అణువు కాలేయంలో ఎక్కువసేపు తిష్ఠ వేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లను తయారుచేసేదీ కాలేయమే. ఈ హార్మోను ప్రభావంతో ఫైబ్రినోజెన్, ప్రోత్రాంబిన్, ఇంకొన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు పెరుగుతాయి. గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రొటీన్-ఎస్, యాంటీథ్రాంబిన్ తగ్గుతాయి. త్రాసు కాస్త ఒకవైపు ఒరుగుతుంది. బీపీని పెంచే రసాయనాలకు ముడిసరుకైన యాంజియోటెన్సినోజెన్‌ను కూడా కాలేయం ఎక్కువ తయారుచేస్తుంది కాబట్టి కొందరికి బీపీ పెరుగుతుంది.

చర్మానికి అంటించే పట్టీ వాడితే కాలేయాన్ని తప్పించుకోవచ్చు కదా అని అడుగుతారు. ఈ కృత్రిమ ఈస్ట్రోజెన్ విషయంలో అది కుదరదు. ఏ దారిన లోపలికి వెళ్లినా రక్తంలో తిరుగుతూ కాలేయానికి చేరాల్సిందే, అక్కడ విరగకుండా నిలబడాల్సిందే.

ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి ఈ మాత్రం ఒరుగుడు తెలియను కూడా తెలియదు. పుట్టుకతోనే త్రాసు ఒరిగి ఉన్నవాళ్ల సంగతి వేరు. 1994లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ‘ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్’ అనే జన్యు మార్పును గుర్తించారు. యూరప్ సంతతిలో నూటికి అయిదుగురి దాకా అది ఉంటుంది, మన దగ్గర బాగా తక్కువ. ఆ మార్పు ఉండి మాత్ర కూడా వాడేవారికి సిరల్లో గడ్డ ఏర్పడే ముప్పు, రెండూ లేనివారితో పోలిస్తే ముప్పై రెట్లకు పైగా ఉందని అక్కడి పరిశోధకులే అదే ఏడాది లెక్కగట్టారు. మాత్ర రాసే ముందు అందరికీ జన్యు పరీక్ష చెయ్యాలని ఎవరూ అనడం లేదు. అమ్మకో అక్కకో యాభై లోపే కాలిలోనో ఊపిరితిత్తిలోనో గడ్డ వచ్చిందా అని అడగడానికి మాత్రం పైసా ఖర్చవదు.

* * *

మాత్రతో గడ్డ కడుతుందన్న సంగతి బయటపడటానికి ఒక నర్సు జబ్బుపడాల్సి వచ్చింది. 1961లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో జోర్డన్ అనే డాక్టరు ‘లాన్సెట్’ పత్రికకు ఒక కేసు రాసి పంపాడు. నలభై ఏళ్ల నర్సుకు ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ. ఆమె మాత్ర వాడింది గర్భం రాకుండా కాదు, ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు తగ్గడానికి. మొదటి కేసులోనే మాత్ర వేరే పేరుతో ఉందన్నమాట.

ఆ రోజుల్లో మాత్ర మోతాదు ఇప్పుడు వింటే గుండె ఝల్లుమంటుంది. 1960లో అమెరికా గర్భనిరోధానికి అనుమతించిన ఎనోవిడ్‌లో 150 మైక్రోగ్రాముల మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ ఉండేది. మన పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు. అంతకుముందు 1956లో ప్యూర్టోరికోలో పేద స్త్రీల మీద పరీక్షలు జరిపినప్పుడే, వాటిని నడిపిన ఎడ్రిస్ రైస్-రే అనే డాక్టరు ఈ మాత్ర బాగా పనిచేస్తోంది గానీ దుష్ఫలితాలు మరీ ఎక్కువగా ఉన్నాయని రాసింది. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. 1968 నాటికి బ్రిటన్‌లో ఇన్‌మన్, వెస్సీ, డాల్ అనే పరిశోధకులు లెక్కలు కట్టి ముప్పు నిజమేనని తేల్చారు. ఈస్ట్రోజెన్ పెరిగేకొద్దీ గడ్డలూ పెరుగుతున్నాయని తెలిశాక 50 మైక్రోగ్రాములు దాటొద్దని 1969లో అక్కడి ఔషధ భద్రతా కమిటీ సలహా ఇచ్చింది.

అమెరికాలో 1970లో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ ఈ మాత్ర మీద విచారణ జరిపాడు. సాక్ష్యానికి డాక్టర్లు వచ్చారు. మాత్ర మింగిన ఆడవాళ్లను ఒక్కరిని కూడా పిలవలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్ అనే ఆవిడ, ఆమె స్నేహితులు ప్రేక్షకుల్లోంచి లేచి ఇదేమిటని నిలదీశారు. ఆ గొడవ ఫలితంగానే, దుష్ఫలితాలు వివరించే కాగితం మాత్రల పెట్టెలో పెట్టాలనే నిబంధన అదే ఏడాది వచ్చింది. కత్తెర పక్కన పెట్టేస్తున్నది అంత పోరాడి సంపాదించుకున్న కాగితాన్ని.

* * *

ఇక అంకెలు. వీటిని ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే ఈ విషయంలో జనాన్ని భయపెట్టడమూ తేలికే, మభ్యపెట్టడమూ తేలికే.

హార్మోన్లేవీ వాడని, గర్భం కూడా లేని పదివేల మంది యువతుల్లో ఏడాదికి ఇద్దరికి సిరల్లో గడ్డ వస్తుంది. లెవోనార్‌జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ ఉన్న పాత మాత్ర వాడితే అది 5 నుంచి 7. మాలా-ఎన్, మాలా-డి ఆ కోవలోవే. డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరినోన్ ఉన్న కొత్త తరం మాత్రలయితే 9 నుంచి 12. యూరప్ ఔషధ సంస్థ 2013లో సమీక్షించి ప్రకటించిన లెక్కలివి. అలా గడ్డ వచ్చినవాళ్లలో నూటికి ఒకరిద్దరు చనిపోతారు. కొత్తదీ ఖరీదైనదీ అయినంత మాత్రాన సురక్షితం అనుకోనక్కర్లేదని గమనించండి. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వ ఆసుపత్రి మాత్రే మెరుగు.

ఇప్పుడు ఇంకో వైపు. గర్భంతో ఉన్నప్పుడు అదే ముప్పు పదివేలకు 5 నుంచి 20. ప్రసవమైన తొలి వారాల్లో 40 నుంచి 65. కాన్పుతో పోలిస్తే మాత్ర చాలా నయం. బ్రిటన్ ఈ పాఠం కష్టపడి నేర్చుకుంది. 1995 అక్టోబరులో ‘కొత్త మాత్రలతో ముప్పు రెట్టింపు’ అని అక్కడి అధికారులు హెచ్చరించారు. డాక్టర్లకు ఉత్తరాలు చేరేలోపే వార్త టీవీల్లోకి ఎక్కింది. వేలమంది స్ట్రిప్పు మధ్యలో ఉండగానే మాత్ర మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు దాదాపు 9 శాతం పెరిగాయి. రెట్టింపు అన్న మాట నిజమే. దేనికి రెట్టింపో ఎవరూ చెప్పలేదు.

ముప్పు రోజులన్నిటా సమానంగా కూడా ఉండదు. మాత్ర మొదలుపెట్టిన తొలి నెలల్లో ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతుంది. నాలుగు వారాలో అంతకంటే ఎక్కువో మానేసి మళ్లీ మొదలుపెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే ఎవరికైనా గడ్డ ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లో తేల్చింది. శంషాబాద్‌లో విమానమెక్కి డల్లాస్‌లో దిగే విద్యార్థిని, ఆ వారమే పీసీఓడీకి మాత్ర మొదలుపెట్టి ఉంటే, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యడం మంచిది. పెద్ద ఆపరేషన్ ఉంటే నాలుగు వారాల ముందే ఆపమంటారు.

* * *

ఇంతవరకు చెప్పింది సిరల సంగతి. గుండెపోటు, పక్షవాతం ధమనుల జబ్బులు. యువతుల్లో ఇవి మరీ అరుదు. వచ్చాయంటే మాత్రం నష్టం పెద్దది. డెన్మార్క్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఇరవై లక్షల మంది స్త్రీల వివరాలు పరిశీలించిన అధ్యయనం 2025లో వచ్చింది. హార్మోన్లు వాడనివారిలో ఏడాదికి లక్షకు 18 మందికి పక్షవాతం వస్తే, ఈస్ట్రోజెన్ కలిసిన మాత్ర వాడినవారిలో 39 మందికి వచ్చింది. గుండెపోటు 8 నుంచి 18కి పెరిగింది. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న మాత్రల్లోనూ కొంత పెరుగుదల కనిపించింది. లెవోనార్‌జెస్ట్రెల్ లూప్ వేయించుకున్నవారిలో పెరుగుదల లేదు. సుమారు 4,760 మంది ఏడాదిపాటు మాత్ర వాడితే అదనంగా ఒక పక్షవాతం అన్నమాట. అయితే డెన్మార్క్ అంకెలు యథాతథంగా మనకు అతకవు. దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు మిగతా దేశాలవాళ్ల కంటే అయిదారేళ్లు ముందే వస్తుందని ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఎప్పుడో చూపించింది.

ఆ అదనపు ముప్పు ఎవరి నెత్తిన పడుతుంది? దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే పనికొచ్చే జవాబు 1997 నాటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 17 దేశాల్లో గుండెపోటు వచ్చిన స్త్రీలను పరిశీలించింది. మాత్ర మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకున్నవారిలో ముప్పు పెద్దగా పెరగలేదు. చూపించుకోనివారిలో బాగా పెరిగింది. చేతికి బీపీ పట్టీ చుట్టడంలో మహిమేమీ లేదు. బీపీ ఉందని తేలినవారికి, పొగ తాగేవారికి డాక్టరు ఆ మాత్ర ఇవ్వకుండా వేరేది చూశారు, అంతే. పైబీపీ 140 గానీ, కిందిది 90 గానీ దాటితే ఈస్ట్రోజెన్ మాత్ర మామూలుగా వద్దంటారు. 160/100 దాటితే పూర్తిగా వద్దంటారు. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో దాదాపు పావువంతు మందికి బీపీ ఉంది. యువతుల్లో ఇది తక్కువే, కానీ చూపించుకోనివాళ్లూ వాళ్లలోనే ఎక్కువ.

ముప్పై అయిదు దాటి పొగ తాగేవారికి ఈ మాత్ర తగదు. మన దగ్గర ఆడవాళ్లను ఈ ప్రశ్న అడగడానికే డాక్టర్లు మొహమాటపడతారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ‘అడ్డపొగ’ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లదే. హైదరాబాద్ ఐటీ ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడి చూసినా మొహమాటం తీరిపోతుంది.

అందరూ వదిలేసే ప్రశ్న ఇంకోటుంది, పార్శ్వపు నొప్పి. అన్ని రకాల పార్శ్వపు నొప్పీ కాదు. తలనొప్పికి ముందు కళ్లెదుట ఒక మెరిసే వంకరటింకర గీత కనిపించి, ఇరవై నిమిషాలో అరగంటో మెల్లగా పక్కకు పాకి, దాని వెనక చూపు కాసేపు మసకబారడం, లేదా వేళ్ల నుంచి మోచేతి దాకా, అక్కడి నుంచి పెదవుల దాకా తిమ్మిరి ఎక్కడం. ఇది ఉన్నవారికి ఏ వయసులోనైనా ఈస్ట్రోజెన్ మాత్ర ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం, పక్షవాతం ముప్పు వల్ల. ‘తలనొప్పి వస్తుందా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ‘తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులొస్తాయా?’ అని అడగాలి.

* * *

గడ్డ మెదడు సిరల్లోనూ కట్టవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లోని నరాల విభాగం, మెదడు సిరల్లో గడ్డ కట్టినవారి వివరాలను ఏళ్ల తరబడి నమోదు చేసి 2012లో ప్రచురించింది. మొత్తం 428 మంది. సగటు వయసు 31. సగం కంటే కాస్త ఎక్కువ మంది మగవాళ్లే. కారణాల్లో రక్తహీనత, మద్యం, ప్రసవం అన్నీ ఉన్నాయి. నోటి గర్భనిరోధక మాత్రలు వాడినవారు సుమారు 11 శాతం. ఇది మగవాళ్లను కూడా కలిపిన లెక్క. ఆడవాళ్లనే తీసుకుంటే అయిదుగురిలో ఒకరికి పైనే.

ఇక్కడే నాకొక అనుమానం. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే, చాలామంది పాతికేళ్లయినా నిండకముందే. కుటుంబ నియంత్రణకు మాత్ర వాడేవారు రెండు శాతం కూడా లేరు. మరి ఆసుపత్రి రిజిస్టరులో అంతమంది మాత్రలవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? నెలసరి వాయిదాకో, సరిచేయడానికో వాడినవాళ్లు అందులో బాగానే ఉండి ఉంటారని నా ఊహ. ఊహే, రుజువు కాదు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ డాక్టర్లు మాత్రం ఇలాంటిదే గమనించి రాశారు. రంజాన్ నెలలో ఉపవాసం తప్పకూడదని మాత్రలు వేసుకునే స్త్రీలలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. మాత్ర ఒకవైపు, నీళ్లు తాగని ఉపవాసం ఇంకోవైపు.

నాలుగు రోజుల వాయిదా మాత్రతో ఆరోగ్యవంతురాలికి వచ్చే ముప్పు చాలా చిన్నదే. వచ్చినప్పుడు గుర్తుపట్టకపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. మెదడు సిరలో గడ్డ కడితే తలనొప్పి రోజురోజుకూ పెరుగుతుంది, నొప్పి మాత్రకు తగ్గదు, పడుకుంటే ఎక్కువవుతుంది, వాంతులు, మసక చూపు, ఆపైన ఫిట్స్. ఇంట్లో దాన్ని ఉపవాసం తలనొప్పి అంటారు, ఎండ అంటారు. ఒకే కాలు వాచి పిక్క నొప్పెడితే మెట్లెక్కినందుకంటారు. ఉన్నట్టుండి ఆయాసమొస్తే గ్యాస్ అంటారు. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు “ఏమైనా మందులు వాడుతున్నావామ్మా?” అంటే “లేదండీ” అనే సమాధానం వస్తుంది. వ్రతం మాత్ర ఆమె లెక్కలో మందు కాదు. పక్కన అత్తగారుంటే అసలు చెప్పదు. “నెలసరి ఆగడానికి గానీ, రావడానికి గానీ ఈ నెలలో ఏమైనా వేసుకున్నావా?” అని విడిగా అడిగితే జవాబు మారొచ్చు. ఎమ్మారైతో సిరలు చూసి, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మొదలుపెడితే చాలామంది కోలుకుని మామూలుగా పనుల్లో పడతారు.

విచిత్రమేమిటంటే, ఊళ్లో అందరూ భయపడేది ఎమర్జెన్సీ పిల్‌కి. అందులో ఈస్ట్రోజెన్ లేదు, ఒక్క మోతాదు లెవోనార్‌జెస్ట్రెల్, దాంతో గడ్డలు పెరిగినట్టు ఆధారాలు లేవు. వ్రతం మాత్రకు మాత్రం ఎవరూ జంకరు.

మాత్ర పనికిరానివారికి దారులు లేకపోలేదు. కాపర్-టీలో హార్మోనే లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమాన్ 1991లో ‘సహేలి’గా బజారులోకి వచ్చి, ఇప్పుడు ‘ఛాయ’ పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతుంది. అందులో స్టిరాయిడ్ హార్మోనేదీ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి. పీసీఓడీ ఉన్నవారికి మాత్రం అది వద్దంటారు. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్‌లో ఈస్ట్రోజెన్ లేకపోయినా, కొన్ని అధ్యయనాల్లో గడ్డల ముప్పు పెరిగినట్టు కనిపించింది కాబట్టి ఇదివరకు గడ్డ వచ్చినవారు డాక్టరుతో మాట్లాడకుండా దాని జోలికి వెళ్లకూడదు. నెలసరి వాయిదా తప్పనిసరి అనుకునే స్త్రీకి అధిక బరువో, బీపీయో, ఇంట్లో ఎవరికైనా గడ్డ వచ్చిన చరిత్రో ఉంటే నార్‌ఎథిస్టిరోన్‌కు బదులు మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ మాత్ర రాయమని బ్రిటన్‌లో డాక్టర్లకు సూచిస్తారు. అది ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారదు. ఏది రాసినా డేటుకు కనీసం మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి కాబట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లేది అంతకు ఓ వారం ముందే అయితే బీపీ చూడటానికీ, ఇంటివాళ్లను కనుక్కుని రావడానికీ వ్యవధి ఉంటుంది.